తంగేడుకుంట డేట్‌లైన్

పోయిన నెల తుమకూరులో ఒక కాలేజీవాళ్లు జర్నలిజం చదివే పిల్లలతో మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. జీవితమంతా పత్రికల డెస్కుల్లో ఊళ్ల నుంచి వచ్చే వార్తలు దిద్ది రిటైరైన దాన్ని, ఇలాంటి చోట్ల ఏం చెప్పాలో నోటికొచ్చేసింది. చెప్పాల్సింది చెప్పి, శాలువా కప్పించుకుని లేవబోతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, వార్త మొదట్లో ఊరి పేరు ఎందుకు వేస్తారు? అన్నీ ఫోన్లోనే వస్తున్నాయి కదా, ఇంకా డేట్‌లైన్ అవసరమా?" అంది. పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. వార్తలు ఓడల మీద, గుర్రాల మీద, టపా బండ్ల మీద నడిచిన కాలంలో దూరం నుంచి వచ్చిన ఉత్తరాన్ని పత్రికవాళ్లు ఉన్నదున్నట్టు అచ్చు వేసేవాళ్లు. ఏ ఊరి నుంచి, ఏ తేదీన రాశారో పైన ఉండేది. ఆ వార్త ఎంత పాతదో చదివేవాడికి దాన్నిబట్టి తెలిసేది. అందుకే దానికి డేట్‌లైన్ అని పేరు. తంతి వచ్చి, ఇవాళ్టి సంగతి ఇవాళే చేరడం మొదలయ్యాక తేదీకి విలువ తగ్గింది, చాలా పత్రికలు దాన్ని తీసేశాయి. పేరులో తేదీ ఉండిపోయింది, వార్తలో మాత్రం ఊరు ఉండిపోయింది. రాసినవాడు ఆ ఊళ్లో కాలు పెట్టి రాశాడని ఆ ఊరి పేరుకు అర్థం. ఇంతే చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. అమ్మాయి కూర్చుంది.

కానీ బెంగళూరు బస్సెక్కింది మొదలు నాకు కుదురు లేదు. చెప్పింది తప్పేం కాదు, అయినా అసలుది చెప్పలేదనిపించింది. ఇంటికొచ్చాక వంట మధ్యలో పొయ్యి ఆర్పి వరండాలోకి పోవడం, మళ్లీ లోపలికి రావడం, చదువుతున్న పుస్తకం బోర్లించి కిటికీ దగ్గర నిలబడడం. మా ఆయన రెండు రోజులు చూసి, "ఏంది నీకు, కాలు ఒక చోట నిలవడం లేదు?" అన్నాడు. ఆ అమ్మాయికి నేను చెప్పాల్సింది తంగేడుకుంట సంగతి. నిడుగల్లు కొండ కింద ఎవరికీ పట్టని ఒక పల్లె అది. అక్కడికి మా నాయన కాలికి కట్టుతో, వేరే మనిషి వీపు మీద ఎక్కి వెళ్లిన రోజు సంగతి. చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడు రాస్తే తప్ప ఈ కాలు నిలిచేలా లేదు.

మా ఊరు మంగళవాడ. పావగడ తాలూకా అంటే మ్యాపులో కర్ణాటక, చుట్టూ మూడు పక్కలా ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఆఫీసులో అర్జీ కన్నడం, హోటల్లో తగాదా తెలుగు. మా నాయన కిష్టప్పకు మెట్ట చేను కొంచెం ఉండేది, ఏటా శెనక్కాయలు విత్తడం, వాన కోసం మొగులు చూడడం. దాంతోపాటు అనంతపురం నుంచి వచ్చే ఒక తెలుగు పత్రికకు వార్తలు రాసేవాడు. అందుకే ఊళ్లో అందరికీ 'పేపరు కిష్టప్ప'. రాయడంలో ఆయనకు ఒక పద్ధతుండేది. సైకిల్ మీద యాడికో పోయి ఎర్రదుమ్ముతో తిరిగొచ్చేవాడు. కాళ్లు కడుక్కుని, అమ్మ పెట్టిన సంగటి ఊరిబిండితో తిని, నడిమింట్లో విత్తనం మూటలకు ఆనుకుని కూర్చునేవాడు. ముందు కాగితం పైన ఎడమ పక్కన ఊరి పేరు రాసేవాడు. రాసి, కలం మూత పెట్టి, ఒక బీడీ కాల్చేవాడు. ఆ తర్వాతే మిగతాది. ఎందుకు నాయనా అంత సేపు అంటే, "ముందు నేను ఆ ఊరికి పోయినట్టు రాసుకోవల్లమ్మా. అప్పుడు గాని ఆడ జూసింది కండ్లకు రాదు" అనేవాడు. తాను పోని ఊరి పేరు ఆయన ఎప్పుడూ పెట్టలేదు. ఎవరైనా వచ్చి చెప్పిన సంగతైతే 'పావగడ' అని పెట్టి, 'అని చెప్పుకుంటున్నారు' అని రాసేవాడు. కవరుకు మైదా గంజి రాసి అంటించి, ఆంధ్రా బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. ఆ గంజి వాసన, బీడీ వాసన, మూటల్లోంచి వచ్చే పచ్చి శెనక్కాయల వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ అదే వార్త వాసన.

ఆ ఏడు వాన లేదు. అంతకు ముందేడు కూడా సరిగ్గా లేదు. విత్తిన చేలల్లో మొక్కలు జానెడు లేచి, ఆకులు ముడుచుకుని నిలబడిపోయాయి. మళ్లీ విత్తుదామని దాచిన మూటల్ని అమ్మ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. రోజూ పొద్దున బయటికొచ్చి మొగులు చూసి లోపలికి పోయేది. నేను పావగడలో పీయూసీ, అంటే ఇంటర్, అయిపోయి ఇంట్లో ఉన్నాను. పై చదువుకు పంపాలో వద్దో తేలక, నాకూ తోచక, పొద్దస్తమానం ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతూ ఉండేదాన్ని. ఆ రోజుల్లోనే నాయన గుట్ట దిగుతుంటే గరుసు మీద సైకిల్ జారి మోకాలి కింద ఎముక విరిగింది. నాటువైద్యుడు కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. కదలొద్దన్నాడు. నాయనకు కదలకుండా ఉండడం కంటే నొప్పే నయం. మంచం మీద నుంచే వీధిలో పోయేవాళ్లందర్నీ పిలిచి, యాడ ఏమైందని అడిగేవాడు.

అట్లా పిలిస్తే వచ్చిన వాళ్లలో ఒక గొర్రెల బేరగాడు ఉన్నాడు. నిడుగల్లు పక్క పల్లెలు తిరిగి, కరువుకు అమ్ముకునే గొర్రెల్ని కొనుక్కొస్తుండేవాడు. గడపలో కూర్చుని నీళ్లు తాగి, "తంగేడుకుంటలో హనుమక్కని ఒక ముసలామె, తిండి లేక సచ్చిపాయ కిష్టప్పా. మంచం మీద యేసుకోని పోతాంటే నేనే జూస్తి" అన్నాడు. కొడుకు బెంగళూరులో కూలికి పోయినాడని, ఇంట్లో ఒంటి మనిషని కూడా చెప్పాడు. వాడు పోయినాక నాయన చాలా సేపు కట్టు వేసిన కాలు వైపే చూశాడు. "ఓసారి పోయి జూస్తే బాగుండు" అన్నాడు. అమ్మ, "ఏం పోతావు, పాకతావా?" అంది. చివరికి కాగితం తీసుకుని పైన 'పావగడ' అని రాశాడు. తంగేడుకుంటలో ఒక వృద్ధురాలు ఆకలితో చనిపోయినట్లు చెప్పుకుంటున్నారని, నిజానిజాలు తెలియాల్సి ఉందని, ఆ పక్క పల్లెల్లో కరువు పనులు ఇంకా మొదలు కాలేదని రాశాడు. నేనే కవరు అంటించి బస్సులో ఇచ్చి వచ్చాను.

పత్రిక మా ఊరికి ఎండెక్కినాక బస్సులో వచ్చేది. హోటల్ దగ్గర తీసుకుని, నడుస్తూనే విప్పాను. లోపలి పేజీలో పెద్ద అక్షరాలతో ఆకలి చావు అని ఉంది. కింద డేట్‌లైన్ 'తంగేడుకుంట'. హనుమక్క అనే వృద్ధురాలు తిండి లేక మరణించింది, అంతే. చెప్పుకుంటున్నారు లేదు, తెలియాల్సి ఉంది లేదు. నాయన ఆ నాలుగు ముక్కలు మళ్లీ మళ్లీ చదివాడు. "ఇది నేను రాసింది గాదు" అన్నాడు. పేపరు మడిచిపెట్టి, "నేను రాసిందే" అన్నాడు. ఊరి పేరు పెడితే వార్తకు బరువొస్తుందని డెస్కులో ఎవరో మార్చారని తర్వాత వాళ్లే చెప్పారు. ఆ రోజు మాత్రం నాయన వాళ్లను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం సంగటి ముట్టలేదు. మంచం మీద అటు తిరగలేడు, ఇటు తిరగలేడు. చేతులు మాత్రం ఊరుకోక దుప్పటి అంచు పీకుతూ ఉన్నాయి.

రెండు మూడు రోజులకు ఒక పొద్దున మా గడప ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నున్నగా గుండు, మీసం కూడా లేదు, చేతిలో ఒక గుడ్డ సంచి. ముప్పై ఏండ్లుంటాయి. "పేపరు కిష్టప్ప ఇల్లు ఇదేనా?" అన్నాడు. అవునన్నాను. లోపలికి రాలేదు. "నేను తంగేడుకుంట హనుమక్క కొడుకును. ఓబులేసు" అన్నాడు. నడిమింట్లో నాయన మంచం కిర్రుమంది.

బెంగళూరులో వాడు ఇండ్లు కట్టే చోట ఇటుకలు మోసేవాడు. పక్కనే టీ అంగడికి తెలుగు పేపరు వస్తుంది. మన పక్కోడొకడు చదువుతూ, "ఒరే, మీ ఊరు పేపర్లో పడిందిరా" అన్నాడట. మా ఊరు పేపర్లో పడిందని వీడు నవ్వుతూనే పోయాడట. చదివించుకున్నాడు. అప్పటికే రోజులు గడిచినాయి, దహనం అయిపోయి ఉంటుంది, నేను పోయినా మొహం చూడలేనని ఏడ్చి, ఉన్నచోటే గుండు చేయించుకుని, చెరువులో మునిగి, తెలిసినోళ్లు చెప్పినట్టు నువ్వులు నీళ్లు వదిలి బస్సెక్కాడు. ఊరికి పోయే ముందు మా ఇంటికి ఎందుకొచ్చాడో కూడా వాడే చెప్పాడు.

"అన్నా, నువ్వు రాసినావంటే నువ్వు జూసింటావు గదా. మా యమ్మ కడాకి ఏమన్నా అనిందా? నోట్లో నీళ్లు ఎవురు పోసినారు? కొరివి ఎవురు పెట్టినారు? ఊర్లోకి పోతే అందరూ మీద పడి ఏడుస్తారు, ఏదీ సరిగ్గా చెప్పరు. నువ్వు చెప్పన్నా."

నాయన లేచి కూర్చోవాలని చూసి లేవలేకపోయాడు. నేను వెనక మూట పెట్టాను. ఆయన గొంతు నేను అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"నేను జూడలేదప్పా."

ఓబులేసుకు అర్థం కాలేదు. "తంగేడుకుంట అని ఉండాది గదన్నా పైన. మా ఊరికి పోయే రాసినారని మావోడు చెప్పినాడే."

"నేను పోలేదు. ఈ కాలుతో పోలేకపోతి. ఒకడు చెప్తే రాస్తి."

"అయితే మా యమ్మ..." అని ఆగిపోయాడు. గుండు మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి అట్లే ఉండిపోయింది. "సచ్చిపోయినాదా, లేదా?"

"తెలీదప్పా."

అమ్మ లోపల్నుంచి గిన్నెలో సంగటి తెచ్చి, "ముందు నువ్వు తినప్పా, యెప్పుడు తిన్నావో ఏమో" అంది. "సూతకం గదమ్మా" అని వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. పెట్టి, సూతకం ఉందో లేదో తనకే తెలియదని గుర్తొచ్చినట్టు ఆ గిన్నె వైపు చూశాడు. నాకు ఆ చూపు ఇప్పటికీ పోదు.

కోపం వస్తుందనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను. వాడికి భయం వేసింది. ఊరి దాకా పోయి, ఉందో లేదో ఒక్కడే చూసుకోవడానికి భయం. గడప మీద కూర్చుండిపోయాడు. అప్పుడు నాయన, "పద్మా, నా చొక్కా ఇయ్యి" అన్నాడు. అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. "కాలు మళ్లా కట్టించుకోవచ్చు. నువ్వు పక్కకు జరుగు" అన్నాడు. పక్కింటివాళ్ల ఎద్దులబండిలో బస్సు దాకా, బస్సులో అటు పక్కకు పోయే రోడ్డు దాకా వచ్చాం. నన్నెందుకు రమ్మన్నాడో చెప్పలేదు, నేను అడగలేదు. ఇంట్లో ఊరికే తిరిగే కాళ్లకు పోవడానికో చోటు దొరికింది, అంతే అనుకున్నాను.

బస్సు దిగిన చోటు నుంచి తంగేడుకుంటకు బండిబాట కూడా సరిగ్గా లేదు, అంతా రాళ్లు. నాయన నా భుజం మీద ఒక చెయ్యి, కర్ర మీద ఒక చెయ్యి వేసి నాలుగడుగులు వేసి నిలబడిపోయాడు. మొహం తెల్లబడింది. ఓబులేసు సంచి నా చేతికిచ్చి, ఆయన ముందు వంగాడు. "ఎక్కు."

"వద్దప్పా, మెల్లిగా వస్తా. నువ్వు ముందు పో."

"ఈడ కూర్చుంటే మళ్లా జూడలేదంటావు. ఎక్కన్నా" అన్నాడు. అందులో కోపం ఉంది, కానీ పట్టుకున్న పట్టు మెత్తగా ఉంది. కట్టు వేసిన కాలు రాయికి తగలకుండా చేత్తో ఆనించుకుని నడిచాడు. ఎండ. ఎదురుగా నిడుగల్లు కొండ, దాని మీద పాడుబడిన కోట గోడ. బాటకు రెండు పక్కలా శెనక్కాయ చేలు, ముట్టుకుంటే పొడయ్యే ఆకులు. దారి పొడుగునా నాయన ఊపిరి, ఓబులేసు ఊపిరి, నా చెప్పుల చప్పుడు.

ఊరి మొదట్లోనే వాళ్ల ఇల్లు. ఎత్తు మీద ఉన్నాడు కాబట్టి నాయనే ముందు చూశాడు. ఓబులేసు భుజం గట్టిగా పట్టుకున్నాడు. చూరు కింది నీడలో ఒక ముసలామె కాళ్లు చాపుకుని కూర్చుని చింతగింజలు ఏరుతోంది. ఎముకలకు చీర చుట్టినట్టుంది. ఓబులేసు నిలబడిపోయాడు. ఆమె తలెత్తి, కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ముందు వీపు మీది మనిషిని, తర్వాత కొడుకు గుండును. చేట పక్కకు పడిపోయింది.

"ఓరి ఓబులా! గుండేందిరా? ఎవురు సచ్చిపోయినార్రా?"

వాడు ముందు నాయనను మెల్లిగా అరుగు మీద దించాడు. దించి, ఆమె ముందు కూలబడి, "నువ్వేనంటమ్మా" అన్నాడు. ఆమె ఒళ్లో తల పెట్టి పసిబిడ్డలాగా ఏడ్చాడు. ఆమె ఆ గుండు నిమురుతూ, "నేనా? నేనేడ సచ్చినాన్రా?" అంటూ మా వైపు చూసింది.

జరిగింది ఇంతే. బావి దగ్గర కడవ ఎత్తుకుంటూ కండ్లు తిరిగి పడిపోయింది. తిని రెండు రోజులైంది. చుట్టుపక్కల వాళ్లు మంచం మీద వేసుకుని ఇంటికి తెచ్చి, గంజి తాపితే లేచి కూర్చుంది. మంచం మీద మోసుకొచ్చేటప్పుడే ఆ బేరగాడు చూశాడు. అంతలోనే ఊరు మా చుట్టూ పోగైంది, నాయన ఎవరో ఓబులేసు చెప్పాడు. పేపర్లో సంగతి తెలిసిన ఒకాయన నాయన మీదికి వచ్చాడు. "నువ్వేనా మా హనుమక్కను సంపింది? నిన్న ఆఫీసుకు పోయి కరువు పని అడిగితే, మీరు బతికినోళ్లను సచ్చినారని రాయించేవోళ్లు, మీ మాట ఎవుడు నమ్మతాడని ఒకాయన నవ్వినాడు. తెలుస్తాందా నువ్వు చేసింది?"

నాయన తల ఎత్తలేదు. "తప్పు నాదే. పేపరోళ్లు మార్చినారు, నిజమే. కానీ నేను పోకుండా రాస్తి. 'చెప్పుకుంటున్నారు' అని రాస్తే ఆ మాట యాడో ఒక చోట తెగిపోతాదని నాకు తెలియదా? తెలుసు" అన్నాడు. అప్పుడే తెలిసింది నాకు, డెస్కువాళ్లను ఆయన ఎందుకు తిట్టలేదో.

హనుమక్క చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమంది. "ఊరికే అరిస్తే ఏమొస్తాది? కాలిరిగినోడు ఇంత దూరం వచ్చినాడు. ఓ కిష్టప్పా, సచ్చినానని రాస్తే ఆయుసు పెరుగుతాదంటారు. బాగానే ఉండాది, ఆయుసు నువ్విచ్చినావు. తిండి యాడ్నుంచి తేవల్ల నేను?" కొంతమంది నవ్వారు. ఆమె నవ్వలేదు. "సచ్చినట్టు రాసినావు గదా. ఇప్పుడు బతికినట్టు రాయి. ఎట్ల బతుకుతాండామో అది గూడా రాయి."

ముందు మాకు పెట్టకుండా రాయనివ్వనంది. సత్తు గిన్నెల్లో పల్చటి గంజి, ఉప్పు, పక్కన ఉడకబెట్టిన చింతగింజలు. నాయన తాగాడు. నేనూ తాగాను. ఆ గంజి ఆమె ఆ రోజు తిండని నాకు తెలుసు, నాయనకు తెలుసు, వద్దనే ధైర్యం ఇద్దరికీ లేదు. తర్వాత నాయన, "నేను నడవలేనమ్మా, నువ్వు పో. అన్నీ జూసి రా. నువ్వు జూసిందే చెప్పు, జూడంది నాకొద్దు" అన్నాడు. ఓబులేసు వెంట ఊరంతా తిరిగాను. బావిలో ఒక ఆడమనిషి తాడు పట్టుకుని అడుగుకు దిగి, చిప్పతో నీళ్లు ఎత్తి కడవలో పోస్తోంది. పైన వరసగా కడవలు, వంతు కోసం కాచుకుని కూర్చున్న మనుషులు. ఎంత సేపైనా కడవ నిండదు. గొర్రెలుండే దొడ్లు ఖాళీ. ఇంటింటా పొయ్యి మీద చట్టిలో బలుసాకు. మగవాళ్లు చాలామంది లేరు. ఉన్నవాళ్లు గోడల నీడల్లో చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. ఆ చేతులు చూస్తే నాకు ఇంట్లో దుప్పటి పీకే నాయన చేతులు గుర్తొచ్చాయి. చూసిందంతా వచ్చి చెప్పాను. నాయన మధ్యలో ఆపి, "నువ్వు జూసినావా, వాళ్లు చెప్పినారా?" అని అడుగుతూ రాసుకున్నాడు.

రాయడం అయ్యాక అందరికీ చదివి వినిపించాడు. 'ఆకలితో అలమటిస్తున్నారు' అనే చోట హనుమక్క ఆపింది. "అది తీసెయ్. మేము అలమటిస్తాండామా? అడుక్కుంటాండామా? పన్లేదు అని రాయి. పనిస్తే మేమే తింటాము." నాయన ఆ మాట కొట్టేశాడు. కాగితం పైన ఎడమ పక్కన ఊరి పేరు అప్పటికే ఉంది. ఓబులేసు వంగి దాన్ని వేలితో తడుముతూ, "మా ఊరేనా ఇది?" అన్నాడు. వాడికి చదువు రాదు.

తెలుగు పత్రిక ఆ వార్తను కొట్టివేతలు లేకుండా, తంగేడుకుంట డేట్‌లైన్‌తోనే వేసింది. ముందటి వార్త తప్పని పక్కనే చిన్న సవరణ కూడా వేసింది. కానీ మా ఆఫీసుల్లో కూర్చునే వాళ్లు చదివేది కన్నడం. అందుకని నాయన నా వైపు తిరిగి, "నీకు కన్నడం బాగొస్తాది గదా, నువ్వు రాయి" అన్నాడు. పైన ఎవరి పేరు పెట్టాలి, నీదా అన్నాను. "నా పేరెందుకు? బాయి కాడికి నేను పోయినానా? నువ్వు పోయినావు." అట్లా రాసిన మొదటి వార్త తుమకూరులో ఒక కన్నడ పత్రికకు పోయింది, అచ్చయింది. కొన్నాళ్లకు ఒక జీపు తంగేడుకుంటకు వచ్చింది. చనిపోయినామె ఇల్లెక్కడ అని అడిగితే, హనుమక్క తానే ఎదురొచ్చి, "నేనే" అని చెప్పిందట. కుంటలో పూడిక తీసే పని మొదలైంది. అందరికీ చాలినంత కాదు, రోజూ కాదు. బోరు కూడా వేశారు, ఉప్పునీళ్లు పడ్డాయి. అయినా ఆ ఎండాకాలం ఓబులేసు బెంగళూరు పోకుండా ఊళ్లోనే మట్టి మోశాడు. గుండు మీద వెంట్రుకలు పెరిగేలోపు కొంచెం కండ కూడా పట్టింది. నాయన కాలు మాత్రం ఆ ప్రయాణంతో వంకరగా అతుక్కుంది. బతికినన్నాళ్లు కుంటాడు. వార్తలు రాయడం ఆ ఏడే మానేశాడు. పోలేనివాడు రాయకూడదని ఆయన లెక్క. నన్ను డిగ్రీకి పంపించాడు.

తర్వాత నేను చేరిన డెస్కుల్లో ఏండ్ల తరబడి వేలకొద్దీ ఊర్ల పేర్లు నా చేతుల మీదుగా పోయాయి. ముందు కవర్లలో, తర్వాత ఫ్యాక్సుల్లో, తర్వాత కంప్యూటర్లో. ఊరి పేరు దగ్గర నా కలం ఆగేది, పోయినాడా అని ఫోన్ చేసి అడిగేదాన్ని. నా చాదస్తమని పిల్లలు నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు చేతిలో ఫోన్ తెరిస్తే ఊరూ పేరూ లేని చావులు, ఊరూ పేరూ లేని గొడవలు ఊపిరి తిప్పుకోనివ్వకుండా వస్తాయి. ఎవరు చూశారో ఉండదు. ఎవరి అమ్మో చనిపోయిందని ఎవరో పంపుతారు, ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. అప్పుడు తప్పు వార్త ఓబులేసు దాకా రావడానికి బస్సూ, టీ అంగడీ, చదివిపెట్టేవాడూ కావాల్సి వచ్చింది. వచ్చాక వాడు గుండుతో ఒక గడప ముందు నిలబడి అడగగలిగాడు, ఆ గడపలో జవాబు చెప్పాల్సిన మనిషి ఉన్నాడు. ఇప్పుడు వాడు ఎవరింటికి పోవాలి? అప్పటి రోజులు మంచివని నేననను. చింతగింజలు ఉడకబెట్టుకు తిన్న రోజుల్ని మంచివని ఎట్లా అంటాను? కానీ ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వదు.

హనుమక్క నిజంగానే చాలా ఏండ్లు బతికింది. ఆమె పోయిన రోజు నేను సెలవుకు ఊళ్లోనే ఉన్నాను. ఓబులేసు తన చుట్టాలందరి కంటే ముందు మా ఇంటికి వచ్చాడు. ఈసారి గుండు లేదు, ఇంకా చేయించుకోలేదు. "అన్నా, మా యమ్మ పోయినాది. నువ్వొచ్చి జూడాల" అన్నాడు. నాయన కుంటుకుంటూ వెళ్లాడు, నేనూ వెళ్లాను. అప్పటికి ఆ ఊరికి రోడ్డు పడింది, ఆటో ఇంటి ముందు దాకా పోయింది. నాయన ఆమె మొహం చూశాడు. నోట్లో నీళ్లు పోయమంటే పోశాడు. కొరివి పెట్టేదాకా వంకర కాలి మీద నిలబడే ఉన్నాడు, ఎవరో స్టూలు వేస్తే కూర్చోలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, ఏదో ఒకటి అనాలని, "రాస్తావా నాయనా? నేను వేయిస్తాను" అన్నాను.

"ఎందుకమ్మా రాసేది?" అన్నాడు, బయటికి చూస్తూనే. "వాళ్లు రమ్మన్నారు, పోయినాము. జూసినాము."